గడి మూలన పెన్సిలు అక్షరం

ఆదివారం గళ్ళనుడికట్టు పెన్నుతోనే నింపడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. కొంచెం పొగరు కూడా. మొన్న 'కొండకు తొలిమెట్టు, నాలుగక్షరాలు' అని చూడగానే తిరుపతి అని రాసేశాను. ఈ ఊళ్ళో ఉండేవాడికి ఇంకేం తోస్తుంది? ఆ 'రు' నుంచి నిలువుగా దిగే రెండక్షరాల మాట మాత్రం ఎంతకీ తేలదు. 'రాతకు రూపం' అట. రుక, రుకా, రుకి... గుణింతాలన్నీ తిప్పాను. టీ చల్లారిపోయింది. పక్కింటి తెలుగు మాస్టారు తొంగిచూసి, "సామీ, అది లిపి గదా! పైన అలిపిరి పెట్టు" అన్నారు.

తొలి గడి తప్పయ్యాక ఎంత వెతికినా దండగే.

యంత్రాల విషయంలో ఈ చిక్కుతో కుస్తీ పట్టినాయన మన పాత చిత్తూరు జిల్లావాడే. 1937లో కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం చేసిన హియర్సే అనే కంప్యూటర్ ప్రోగ్రాం, నోటితో చెప్పిన చదరంగం ఎత్తులను వినేది. పలుకు సరిగా అందకపోతే, అప్పుడు బల్ల మీద ఏ ఎత్తులు సాధ్యమో చూసి మాటను పోల్చుకునేది. 1976 నాటి హార్పీ మరీ గడుసుది. దానికి తెలిసినవి 1,011 మాటలు. అడుగడుగునా అన్నిటికంటే మేలైన దారినీ, దానికి దగ్గరగా ఉన్న కొన్నిటినీ ఉంచుకుని మిగతావి వదిలేసేది. వదిలినవాటి కోసం మళ్ళీ వెనక్కి పోదు. 2016లో గో ఆటలో లీ సెడాల్‌ను ఓడించిన ఆల్ఫాగో కూడా చూడగానే తోచిన కొన్ని ఎత్తులనే పట్టుకుని లోతుగా తవ్వింది.

తెలివి చాలనిచోట వెతుకులాట ఆదుకుంటుందనీ, తెలిసినచోట వెతకాల్సిన పని ఉండదనీ రాజ్ రెడ్డి 1988 నాటి ప్రసంగంలో చెప్పారు. నిపుణుడి బుర్రలో 70 వేల విషయాలుంటాయట, ఇరవై వేలు అటూ ఇటూ. మా మాస్టారి దగ్గర అంతకు తక్కువ ఉండవు. 1994లో ఆయనకు (మాస్టారికి కాదు, రాజ్ రెడ్డికి) ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

తిరుపతి, తిరుమల, అలిపిరి, మూడూ నాలుగక్షరాలే. ఇప్పుడు గడి మూలన 'తి', 'అ' రెండూ సన్నగా రాసి పెట్టుకుంటున్నాను, నిలువు మాట తేలేదాకా. ఆరేడు రాస్తే గడి నల్లబడుతుంది. రెండుమూడు చాలు.

పెన్ను మాస్టారికి ఇచ్చేశాను.