బృహన్నలాశబ్దము - స్త్రీనామగ్రహణము

పురుషశరీరముతోఁ బుట్టి స్త్రీలుగా జీవించువారిని బృహన్నల లని వ్యవహరించుట నేఁడు తెలుఁగు పత్రికలయందును సభలయందును వాడుకయైనది. వీథులలో వినవచ్చు మొఱకుమాటలకంటె నిది గౌరవావహమని యెంచి యీ శబ్దమును గ్రహించియుందురు. ఉద్దేశము మెచ్చఁదగినదే. శబ్దము మాత్రము తగినది కాదని నా మతము. ఒకరు వేషమునకై తాల్చిన పేరును, వేఱొకరు తమ బ్రదుకునకై కోరుకొన్న పేరుపై మోపుట యిందలి దోషము. నేనును రెండేండ్ల క్రిందట నీ దోషమే చేసితిని గావున నీ విచారమునకుఁ బూనితిని.

బృహన్నల యనునది విరాటనగరమున నజ్ఞాతవాసము సలుపునప్పు డర్జునుఁడు ధరించిన పేరు. ధర్మజుఁడు కంకుఁడును, భీముఁడు వలలుఁడును, ద్రౌపది సైరంధ్రియు నైనట్లే కిరీటి బృహన్నల యయ్యెను. ఈ పేరు లన్నిటికిని గడువు గలదు. ఏఁడాది నిండిన పిమ్మట వానితో నెవరికిని బని లేదు. ఇఁక వ్యుత్పత్తి. బృహత్తగు నరుఁడు బృహన్నరుఁడు. తకారమునకు ననునాసికము పరమగుటచే నకారము వచ్చినది. రలల కభేదము చెప్పుట సంప్రదాయము గావున బృహన్నల. నరుఁ డనునది యర్జునునకుఁ బ్రసిద్ధనామము గనుక నాతఁడు విరాటునియెదుట బొంకలేదని పండితులు సమర్థింతురు. పూనాలోని భాండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థవారి కొఱకు రఘువీరుఁడు పరిష్కరింపఁగా 1936లో వెలువడిన విరాటపర్వమున బృహన్నడా యను పాఠము గ్రహింపఁబడినది. నడ మనఁగాఁ గొల్లేటిలోఁ బెరుగు కిక్కిసవంటి గడ్డి. నిడుపైన కిక్కిస యని యర్థము చెప్పినచో లంకలనుండి వచ్చు మా విద్యార్థులకు వ్యాఖ్యానము వలసినది లేదు. ఏ పాఠము గ్రహించినను, లోపల నొకనిని దాఁచియుంచుటకే యీ పేరు గల్పింపఁబడినది.

స్త్రీల పేర్ల కెట్టి గుణము లుండవలెనో మనువు చెప్పినాఁడు: సుఖముగాఁ బలుకవలెను, క్రూరముగా నుండరాదు, అర్థము తేటగా నుండవలెను, మనోహరమును మంగళకరమును గావలెను, దీర్ఘాంతమై యాశీస్సును దెలుపవలెను. బృహన్నలాశబ్దమున నీ గుణములలో దీర్ఘాంతత్వము తప్ప వేఱొకటి స్పష్టముగాఁ గానరాదు. పలుకుటకుఁ గష్టము, అర్థము గూఢము, ఆశీస్సు శూన్యము. ఇది కవి యెఱుఁగక చేసినది కాదు. ఏ తల్లియుఁ దన కూఁతున కీ పేరు పెట్టదు. పెట్టదగని పేరగుటయే యిందలి స్వారస్యము.

ఇతిహాసపురాణములలో లింగముతోఁబాటు నామము మాఱిన కథలు వేఱుగా నున్నవి. ఉత్తరకాండలో నిలుఁడను రాజు స్త్రీయై యిల యగును. ప్రాతిపదిక యొక్కటియే, టాప్పు మాత్రము చేరినది. శిఖండినీశబ్దమునుండి ఙీప్పు తొలఁగినచో శిఖండి యగును. భాగవతమునందలి సుద్యుమ్నునికి స్త్రీత్వమున నిల యని యను పేరు సుద్యుమ్నశబ్దమునుండి పుట్టినది కాదు. అనఁగాఁ బూర్వనామమునకుఁ బ్రత్యయము చేర్చుటయు, దానిని విడిచి క్రొత్తనామము గ్రహించుటయు రెండును బ్రాచీనములే.

నేఁటివారి యాచార మిట్లే యున్నది. ఏలూరునకును దాడేపల్లిగూడెమునకును నడుమ రైళ్లలోఁ దిరుగుచుఁ గొన్ని పేరులు వింటిని. అడిగి కొన్ని తెలిసికొంటిని. నాగరాజు నాగమణి యైన విధము మొదటిది. తెలుఁగున దీనికంటె సులభోపాయ మొకటి కలదు. మనము మగవారికి దుర్గాప్రసాదు, లక్ష్మీనారాయణ, సీతారామయ్య యని పేళ్లు పెట్టుదుము. ఉత్తరపదమును లోపింపఁజేసినఁ జాలును, దుర్గయు లక్ష్మియు సీతయు నిలుతురు. క్రొత్తది కల్పింప నక్కఱలేదు, పేరులో నున్నదే పైకి వచ్చుచున్నది. కొందఱికి గురువు పేరు పెట్టును. ఆ కుటుంబములలో గురువు తల్లివంటిది, శిష్యురాలు కూఁతురువంటిది. కొందఱు సినిమాతారల పేరులు గ్రహింతురు. దీనిని జూచి నవ్వు పండితులు తమ మనుమరాండ్ర పేరు లెక్కడనుండి వచ్చినవో యొక్కమాఱు విచారింతురుగాక.

నాటకరంగమున స్త్రీవేషములు ధరించినవారి సంగతి వేఱు. స్థానం నరసింహారావుగారు సత్యభామగాఁ బ్రసిద్ధికెక్కిరి. వేదాంతం సత్యనారాయణశర్మగారు కూచిపూడి భామాకలాపమున నట్టివారే. తెర పడిన పిమ్మట వారు నరసింహారావుగారును సత్యనారాయణశర్మగారునే. తిరుపతి గంగమ్మజాతరలోఁ జీర కట్టిన మగవాఁడును మ్రొక్కు తీఱఁగానే పాతపేరుతోనే యింటికిఁ బోవును. వీరికి స్త్రీనామముతోఁ బని లేదు. ఉన్నను నది పాత్రకుఁ జెందును.

ఇఁక నా తప్పు. నేను పూర్వము చదువు చెప్పిన పాఠశాలలోని పాతవిద్యార్థి యొకరు తాడేపల్లిగూడెమునుండి వచ్చి మా యింటి యరుగుమీఁదఁ గూర్చుండెను. కొల్లేటిలంకలోఁ జేపలు పట్టి జీవించు కుటుంబము. నాఁటి హాజరుపట్టీలోని పేరు రావంతము. ఇప్పుడు చీర కట్టి లావణ్య యని చెప్పుకొన్నది. పేరు మార్చుకొనుటకు దరఖాస్తు పెట్టఁబోవుచు, దానిని దెలుఁగున నెట్లు వ్రాయవలెనో యడుగ వచ్చినది. నేను వైయాకరణుఁడను గదా! లావణ్యము భావార్థమున నేర్పడిన నపుంసకశబ్దము, స్త్రీకిఁ బేరుగాఁ జెల్లదు, లావణ్యవతి యని పెట్టుకొమ్మంటిని. నపుంసకశబ్దమను మాట నోటినుండి వెడలిన తరువాతఁ గాని దాని పదను నాకుఁ దెలియలేదు. ఆ తడఁబాటును గప్పిపుచ్చఁబోయి, నీకు భారతములోనే బృహన్నల యని పేరున్నదే యంటిని. ఆమె పలికిన మాటలను మార్పక వ్రాయుచున్నాను: “ఆ పేరు ఏడాదికే గదండీ మాస్టారూ. నాది బతికున్నన్నాళ్లూ ఉండాలి. మన బళ్లో ముగ్గురు లావణ్యలుండేవారు. వాళ్లనెప్పుడూ మీరిలా అడగలేదండి.”

ఈ పేరే యేల యని యడిగితిని. తాను గర్భమున నున్నప్పు డాఁడుపిల్ల పుట్టిన లావణ్య యని పిలువవలెనని తల్లి యనుకొన్నదఁట. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మ్రొక్కుకొన్నదఁట. తల్లి కిప్పటికిని నా పేరు నోరు తిరుగదనియు, “అమ్మాయ్” అని మాత్రము పిలుచుననియుఁ జెప్పినది. మరల వారమునకు రమ్మని పంపితిని.

ఆ రాత్రి స్త్రీప్రత్యయప్రకరణమున మహాభాష్యమును దీసితిని. ఎన్నిమాఱులు పాఠము చెప్పితినో! స్తనకేశములు గలది స్త్రీ యనియు, రోమములు గలవాఁడు పురుషుఁ డనియు, రెండింటికిని నడిమిది నపుంసక మనియు లోకమున నొక లక్షణము గలదని చెప్పి, పతంజలి దానిని నిరాకరించును. ఆ లక్షణము గ్రహించినచో స్త్రీవేషము వేసిన నటుని దెలుపు భ్రూకుంసశబ్దమునకు టాప్పు రావలసియుండును. ఖట్వావృక్షశబ్దములకు లింగమే సిద్ధింపదు. కడపట లింగము లోకమును బట్టియుండును గాన శాస్త్రము దానిని విధింపఁ బనిలేదని తేల్చును. భ్రూకుంసునకు టాప్పు రాదను మాట యామెకుఁ బ్రతికూలము గాదా యని యడుగుదురేమో. కాదు. పైకిఁ గనఁబడు చిహ్నము ప్రమాణము గాదనుట యిరువైపులకును సమానము: వేషముచే నటుఁడు స్త్రీ కానట్లే, పుట్టుకనాఁటి గుఱుతుచే నామెయుఁ బురుషుఁడు గానక్కఱలేదు. నటుని వాఁడని పిలుచుచున్నది లోకము. ఆమెను దల్లియే యమ్మాయి యనుచున్నది.

ఒక్క యిల్లాలినే మనము దారశబ్దముచేఁ బుంలింగబహువచనమునను, గళత్రశబ్దముచే నపుంసకమునను, భార్యాశబ్దముచే స్త్రీలింగమునను జెప్పుచున్నాము. ఆమె శరీర మెన్నిమాఱులు మాఱినది?

లావణ్యశబ్దమునకును నా యాక్షేపము నిలువలేదు. అర్శఆదిగణ మాకృతిగణము గావున లావణ్యము గలది యను నర్థమున మత్వర్థీయమగు నచ్ప్రత్యయము వచ్చి, పిమ్మట టాప్పు చేరి లావణ్యా యగును. తెలుఁగున నింకను సులభము. అకారాంతపుంలింగమునకు డువర్ణకము, నపుంసకమునకు మువర్ణకము; స్త్రీవాచకమునకు రెండును లేవు. లావణ్యము గుణము, మువర్ణకము లేని లావణ్య మనిషి. ఈ మాత్రము మూఁడవ తరగతి పిల్లలకుఁ దెలియును.

విరాటుఁడు బృహన్నలను గన్యకాంతఃపురమునకుఁ బంపకముందు పుంస్త్వము లేదని పరీక్షింపఁజేసెను. హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనఁగా 1919లో, పుట్టిన శాసన మిట్టివారి పేరులను బట్టీలో నెక్కింపుమనియు, స్త్రీవేషముతో బహిరంగముగాఁ దిరిగినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చుననియు విధించెను. తెలంగాణ హైకోర్టు 2023లో దానిని గొట్టివేసినది. అంతకుముందే 2014 ఏప్రిల్ 15వ తేదీని సుప్రీంకోర్టు, లింగనిర్ణయము వ్యక్తి స్వానుభవమును బట్టియే జరుగవలెననియు, శస్త్రచికిత్స కావలెనని నిర్బంధింపరాదనియుఁ దీర్పు చెప్పెను. 2019లో వచ్చిన చట్టము గుర్తింపుపత్రము పొందినవారు జననపత్రమునందును దక్కినవానియందును బేరు మార్చుకొనవచ్చునని చెప్పినది. విరాటుని పద్ధతికంటె భాష్యకారుని పద్ధతి కీ తీర్పు దగ్గఱ.

ఇంకొక్కమాట. తమిళదేశపు రేవతిగారు తమ జీవితమును వ్రాసికొనఁగాఁ బి. సత్యవతిగారు దానిని ఒక హిజ్రా ఆత్మకథ యని తెలిఁగించిరి. ఆ యనువాదమునకు సాహిత్య అకాడెమీ 2019 సంవత్సరపు బహుమాన మిచ్చెను. అనువాదకురాలు బృహన్నల యను మాటను శీర్షిక కెక్కింపకుండుట యౌచిత్యము. నక్షత్రముల పేళ్లును నదుల పేళ్లును గల కన్యలను బెండ్లాడరాదని మనువు నిషేధించినాఁడు. అయినను మన యిండ్ల నిండ రేవతులు, రోహిణులు, గంగలు, గోదావరులే. ఆ నిషేధమును దాఁటిన లోకమే రేవతిగారి పేరును నిలిపినది.

వారము గడచిన పిమ్మట లావణ్య మరల వచ్చినది. దరఖాస్తు తెలుఁగుప్రతిని నేనే వ్రాసి యిచ్చితిని. వతి చేర్చలేదు.