కఱవు దొరకని వెదుకులాట
(సాహిత్య పరిశోధన, డిజిటల్ పరికరాలు)

పరిశోధనకు పరికరం కావాలి. ఇందులో వివాదం లేదు. తాటాకు మీద గంటం పట్టినవాడికీ, అచ్చు ప్రతిని ముందు పెట్టుకుని చీటీలు రాసుకున్నవాడికీ, ఇవాళ ఫోనులో పాత పుస్తకం పుటలు తిప్పుతున్నవాడికీ పరికరం వుంది. వివాదమల్లా ఆ పరికరానికీ పరిశోధకుడికీ మధ్య వుండవలసిన సంబంధం ఏమిటన్నదే. ఈ విషయంలో మన మధ్య రెండు పెడధోరణులు కనిపిస్తున్నాయి. ఒకటి, "నెట్‌లో లేనిది లేనట్టే" అనుకునే ధోరణి. రెండోది, "దుమ్ము పీల్చని పరిశోధన పరిశోధనే కాదు" అని కంప్యూటరును వెలివేసే ధోరణి. మొదటిది యువ పరిశోధకుల్లోనూ, రెండోది మా తరం ఉపాధ్యాయుల్లోనూ హెచ్చు. చూడటానికి ఎదురుబొదురుగా వున్నా, రెండింటి లోపమూ ఒకటే. పరికరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండానే ఒకరు దాన్ని నమ్ముతున్నారు, మరొకరు తోసిపుచ్చుతున్నారు.

ఈ మాట నేను ఒడ్డున నిలబడి అనటం లేదు. మొదటి తప్పులో పీకల దాకా మునిగి తేలినవాణ్ణే.

కొన్నేళ్ల కిందట, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల తెలుగు పత్రికల్లో కరువు చిత్రణ గురించి ఒక వ్యాసం రాయబూనాను. హైస్కూలు పని ముగించుకుని, జవాబు పత్రాలు దిద్దుకుని, రాత్రి పూట కూచునేవాణ్ణి. వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లి పది రోజులు మకాం వేద్దామంటే సెలవులు లేవు. పాత సంచికల్లోని రచనలు కొన్ని టైపు చేసిన రూపంలో ఒక మిత్రుడి దగ్గర దొరికాయి. వెదికే గడిలో "కరువు" అని కొట్టాను. వచ్చిన ఫలితాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. దిగులు పడవలసిందిపోయి సంతోషించాను. ఎందుకంటే నాకు కావలసిన సిద్ధాంతం దొరికింది. "ప్రజలు ఆకలితో మాడుతుంటే ఆనాటి మధ్యతరగతి రచయితల కంటికి కరువు ఆనలేదు" అని పదిహేను పుటలు రాసి, మా గురువుగారికి చూపించాను. రిటైరైన తెలుగు పండితులు. ఆఖరి దాకా చదివి ఒకే ప్రశ్న వేశారు: "ఏమోయ్, బండి ఱ పెట్టి వెదికావా?"

వెదకలేదు. ఆ రాత్రే "కఱవు" అని కొట్టాను. నేను లేదన్న కరువు సంపాదకీయాల్లో వుంది, పద్యాల్లో వుంది, చందాలు కోరుతూ వేసిన ప్రకటనల్లో వుంది. పదిహేను పుటల్లో నాలుగు పుటలు మాత్రం మిగిలాయి. ఎమ్మేలో శకటరేఫం గురించి పరీక్ష రాసినవాణ్ణి. వెదికే గడి ముందు కూచునేసరికి ఆ చదువు గుర్తుకు రాలేదు. ఇక్కడ గమనించవలసింది నా అజ్ఞానం ఒక్కటే కాదు. చనిపోయిన రచయితల మీద నేను మోపిన నేరం ఒక్క అక్షరం మీద ఆధారపడి వుంది. తీర్పు చెప్పటానికి విమర్శకుడికి హక్కు వుంది. కాని సాక్షిని పిలవకుండానే సాక్ష్యం లేదనే హక్కు లేదు.

ఇలా ఎందుకు జరిగింది? మనకు కరువు అంటే ఎండిన చెరువు, ఖాళీ గాదె, వలస పోయే కుటుంబం. యంత్రానికి అది వరుసగా పేర్చిన కొన్ని అంకెలు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దక్కింది. అందులో "ర"కు ఒక సంఖ్య, "ఱ"కు మరొక సంఖ్య. అరసున్నకు ఇంకొకటి. అంచేత "కూలివాడు" అని వెదికితే "కూలివాఁడు" దొరకాలన్న పూచీ లేదు. "నేడు"కు "నేఁడు", "చెరువు"కు "చెఱువు" అన్యజాతి పదాలే. దీనికి తోడు సంధి వుంది. ద్రుతం మీద పరుషం సరళమవుతుందని పదో తరగతి పిల్లలకు చెబుతాం. గ్రాంథిక రచనలో "కఱవు" ద్రుతం తరవాత వస్తే "గఱవు" అయి కూచుంటుంది. పర్యాయపదాల సంగతి సరేసరి. క్షామం, కాటకం, దుర్భిక్షం అన్నీ వెదకాలి. అన్నిటినీ మించి జనం తమ కరువులకు సంవత్సరాల పేర్లు పెట్టుకున్నారు. 1832-33 నాటి గుంటూరు కరువు నందన కరువు. 1876-78 నాటిది ధాత కరువు. "నందనలో మా తాతలు ఊరు విడిచారు" అని ఎవరైనా రాసి వుంటే, ఆ వాక్యంలో కరువు అన్న పదమే లేదు, కరువు మాత్రం నిండా వుంది.

అంటే వెదకటానికి ముందు తెలిసి వుండవలసినవి భాషా చరిత్ర, వ్యాకరణం, సాంఘిక చరిత్ర. యంత్రం వచ్చాక ఈ చదువు అక్కర లేదనేవారు తలకిందులుగా ఆలోచిస్తున్నారు. యంత్రం వచ్చాకే దీని అవసరం పెరిగింది. పుటలు తిప్పుతూ చదివేవాడి కంటికి "కఱవు" తనంతట తనే తగులుతుంది. గడిలో పదం కొట్టేవాడికి తను ఊహించగలిగిందే దొరుకుతుంది. అలాగని పరికరం చేసే మేలును తక్కువ చెయ్యలేం. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువూ, 1885 నాటి శబ్దరత్నాకరమూ, సూర్యరాయాంధ్ర నిఘంటువూ ఒకే చోట వెదికే వీలు ఆంధ్రభారతి కల్పించింది. ముందు అక్కడ పదం పాత రూపాలను పట్టుకుని, ఆ జాబితాతో పాఠాల్లోకి దిగటం సరైన పద్ధతి. ఈ పని నేను మొదటి రాత్రి చేసి వుంటే గురువుగారికి ఆ ప్రశ్న వెయ్యవలసిన అవసరం వుండేది కాదు.

రెండో ప్రశ్న: మనం వెదుకుతున్న గాదెలో ఏముంది? రాజ్‌రెడ్డి వంటివారి చొరవతో మిలియన్ బుక్ ప్రాజెక్టు వచ్చింది. దానితో ముడిపడిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తెలుగు పుస్తకాలను వేల సంఖ్యలో స్కాన్ చేసింది. వాటిలో చాలా భాగం ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. మారుమూల ఊళ్లో వున్న టీచరుకు ఇది చిన్న మేలు కాదు. కాని ఆ పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో ఒక్కోచోట ఒక్కో తీరున రాసి వున్నాయి. కొన్నిటికి రచయిత పేరు తప్పు, కొన్నిటికి సంవత్సరం తప్పు, కొన్నిటిలో పుటలు లేవు. స్కాన్ చేసిన పుట బొమ్మ మాత్రమే; దాన్ని అక్షరాలుగా మార్చే ఓసీఆర్ తెలుగు ఒత్తుల దగ్గరా, "ధ", "థ"ల దగ్గరా తడబడుతుంది. పోనీ కొత్త పుస్తకాలన్నా నయమా అంటే, డీటీపీ వచ్చాక అచ్చయినవాటిలో అనేకం యూనికోడ్ కాని అను వంటి ఫాంట్లలో కూర్చినవి. కంటికి అది తెలుగు. యంత్రానికి ఇంగ్లీషు అక్షరాల చిందరవందర.

ఇంతకన్నా మౌలికమైన లోపం మరొకటి వుంది. స్కాన్ అయినది గ్రంథాలయంలో వున్నది. గ్రంథాలయంలో వున్నది అచ్చయినది. అచ్చయినది అచ్చు వేయించుకోగలిగినవాళ్లది. నాట్లు వేస్తూ పాడిన పాట ఈ మూడు గడపల్లో దేన్నీ దాటలేదు. బిరుదురాజు రామరాజు జానపద గేయాలను సేకరించింది జనం దగ్గరికి వెళ్లే. 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంలోని వ్యవసాయ పదాలను భద్రిరాజు కృష్ణమూర్తి బృందం రైతుల నోటి నుంచి రాబట్టింది. వారి పరికరాలు ప్రశ్నావళి, నోటుపుస్తకం. ఇవాళ ప్రతి విద్యార్థి జేబులోనూ పాట రికార్డు చేసే ఫోను వుంది. ఆ ఫోనుతో ఇంట్లో కూచుని అచ్చు పుస్తకాలు మాత్రమే వెదుకుతూ "జనసాహిత్యం" మీద సిద్ధాంత వ్యాసం రాస్తే, పరికరాన్ని సగమే వాడుకున్నట్టు.

పరికరం బాగా చెయ్యగల పని ఏమిటో కూడా చూద్దాం. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త రచన. రెండు పాఠాలనూ శుద్ధంగా టైపు చేసి పోలిక చూపే సాఫ్ట్‌వేరుకు అప్పగిస్తే, ఏ సంభాషణ పోయిందో, ఏది పెరిగిందో, ఏ మాట మారిందో నిమిషాల్లో రంగులు వేసి చూపిస్తుంది. వేలు పెట్టి పంక్తి పంక్తీ చూసుకునే చాకిరీ తప్పుతుంది. కాని గురజాడ ఎందుకు మార్చాడు? ఆ పన్నెండేళ్లలో సమాజంలో, ఆయన దృక్పథంలో, నాటకకళ మీద ఆయన పట్టులో వచ్చిన మార్పులేమిటి? దీనికి రంగులు జవాబు చెప్పవు. చాకిరీ యంత్రానిది, ఆలోచన మనిషిది. ఈ శ్రమ విభజన చెదరనంత కాలం పరికరం మన మిత్రుడే.

ఆధారాలను భద్రపరచటానికి జొటేరో వంటి ఉచిత సాఫ్ట్‌వేరు వుంది. మా రోజుల్లో చెప్పుల డబ్బాలో దాచుకున్న చీటీల పని అది చేస్తుంది, చెదలు పట్టనివ్వదు. అయితే అక్కడా తెలుగువాడు కళ్లు తెరుచుకుని వుండాలి. దాని గడులు పాశ్చాత్యుల పేర్లను బట్టి ఏర్పడ్డవి. ఇంటిపేరు చివర వస్తుందనుకునే అలవాటు వాటిది. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఇది గమనించని విద్యార్థి గురజాడ అప్పారావును "రావు" కింద చేర్చిన ఉపయుక్త గ్రంథసూచి నేను చూశాను. అలా చేరుస్తూ పోతే తెలుగు సాహిత్యంలో సగం మంది రావులూ, మిగతా సగం రెడ్లూ, శాస్త్రులూ అవుతారు.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది, అడిగిన ప్రశ్నకు వ్యాసమే రాసిపెట్టే కృత్రిమ మేధ. వుండటానికి వీలున్న వాక్యాన్ని అది అల్లుతుంది. వున్నదో లేదో చూడటం దాని స్వభావంలో లేదు. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అది కల్పించిన తీర్పులను నిజమైనవిగా కోర్టులో దాఖలు చేశారు. వాళ్లకూ వాళ్ల సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. న్యాయస్థానంలో ఎదుటి పక్షం వుంటుంది కనక పట్టుబడింది. మన సిద్ధాంత వ్యాసాలకు ఎదుటి పక్షం ఏదీ? 2018 నాటి యూజీసీ నిబంధనలు ఇతర రచనలతో పోలిక పది శాతం దాటితే చర్య అంటున్నాయి. మంచిదే. కాని శాతం లెక్కగట్టే యంత్రం తన దగ్గరున్న పాఠాలతోనే పోల్చగలదు. స్కాన్ కాని పుస్తకంలోంచి ఎత్తి రాసినవాడు దానికి దొరకడు. లేని పుస్తకాన్ని ఉటంకించినవాడు అసలే దొరకడు. ఎందుకంటే కల్పన దేనితోనూ పోలదు. ఆ పని మనిషే చెయ్యాలి. ఉటంకించిన ప్రతి పుటనూ తెరిచి చూడాలి.

ఇంతకూ చెయ్యవలసింది ఏమిటి? మూడు ప్రతిపాదనలు రచయితల ముందూ, విద్యార్థుల ముందూ పెడుతున్నాను.

ఒకటి. "ఫలానాది సాహిత్యంలో లేదు" అని రాసేవారు ఏ పాఠాల్లో, ఏ పదరూపాలతో వెదికారో వ్యాసంలోనే చెప్పాలి. ఆ నియమం పత్రికలు పెట్టాలి. నా పదిహేను పుటల వ్యాసం ఈ నియమం ముందు ఒక్క నిమిషం నిలిచేది కాదు.

రెండు. పాత పత్రికలను శుద్ధంగా, అరసున్నలూ బండి ఱలూ దిద్దెయ్యకుండా, యూనికోడ్‌లో టైపు చేసే పని సమష్టిగా చేపట్టాలి. కాపీరైటు తీరిన రచనలను, అంటే రచయిత మరణించి అరవయ్యేళ్లు దాటినవాటిని, తెలుగు వికీసోర్స్ వంటి ఉమ్మడి చోట పెట్టాలి. ఒక్కొక్కరు నెలకు పది పుటలు చేసినా ఏడాదికి ఒక చిన్న పుస్తకం అవుతుంది. డబ్బు కట్టినవాడికే తెరుచుకునే గాదెల్లో మన పూర్వుల రాతలు చిక్కుపడకుండా వుండాలంటే ఇదే దారి.

మూడు. ఎమ్మే తెలుగు విద్యార్థికి పాఠపరిష్కరణతో పాటు ఈ పరికరాల లోగుట్టు కూడా నేర్పాలి. మీట నొక్కటం వాళ్లకు మనం నేర్పనక్కర లేదు. మీట నొక్కినప్పుడు ఏది రాదో నేర్పాలి.

నాలుగు పుటలకు కుదించుకుపోయిన నా వ్యాసం తరవాత పెరిగింది. దాని సిద్ధాంతం కూడా మారింది. ఆనాటి రచయితలకు కరువు కనిపించింది. దాన్ని దైవలీలగా చూసినవారెవరు, పాలకుల నేరంగా చూసినవారెవరు అన్నది ఇప్పటి ప్రశ్న. ఇది మొదటి ప్రశ్న కన్నా కష్టమైనది. దీనికి పదం కొట్టి వెదికితే జవాబు రాదు. పుటలన్నీ చదవాలి. రానున్న వేసవి సెలవుల్లో వేటపాలెం వెళ్లదలిచాను. ఫోను కూడా తీసుకువెళతాను.