వంటయింటి భయము: ఫిలిప్ రాత్ నవలయం దొక యూద కుటుంబము

జరుగని చరిత్రను జరిగినట్లు వర్ణించు నవలకు విలువ యేమి? ఫిలిప్ రాత్ 2004లో వెలువరించిన 'ది ప్లాట్ అగైన్‌స్ట్ అమెరికా' చదివినవారి కీ ప్రశ్న తోచక మానదు. 1940 నాటి అమెరికా అధ్యక్షుని యెన్నికలో గెలిచినవాడు రూజ్‌వెల్టు. నవలలో గెలిచినవాడు విమానవీరుడు ఛార్లెస్ లిండ్‌బర్గు. ఈ యొక్క మార్పు చేసి, రచయిత తన తల్లిదండ్రులను, అన్నను, బాలుడైన తన్నును స్వంత పేర్లతోనే నెవార్కు నగరమున నిలిపి, వారి కేమగునో చూచెను.

ఇది చరిత్రకు ద్రోహమని యనవచ్చును. మే మట్లు తలంపము. లిండ్‌బర్గు 1938లో నాజీ ప్రభుత్వపు పతకమును స్వీకరించుటయు, 1941 సెప్టెంబరు 11న యూదులు దేశమును యుద్ధమునకు నెట్టుచున్నారని ప్రసంగించుటయు జరిగిన సంగతులే. రచయిత విత్తనమును కల్పింపలేదు; అది మొలకెత్తుటకు వలయు పదునును మాత్రమే కల్పించెను.

నవలయొక్క బలము రాజకీయమునందు గాక వంటయింట నున్నది. ద్వేషము మొదట చట్టముగా రాదు. వాషింగ్టను చూడబోయిన కుటుంబమును వసతిగృహమునుండి మర్యాదగానే వెడలగొట్టుటగా వచ్చును. పిదప ఇంటిలోనికే ప్రవేశించును. పెద్దకుమారుడు శాండీ ప్రభుత్వపు పథకమున కెంటకీలోని పొగాకు కమతమునకు పోయి వచ్చి, తనవారినే చులకన చేయును. అన్నకొడుకు ఆల్విన్ కెనడా సేనలో చేరి కాలు పోగొట్టుకొనును. తండ్రి హెర్మన్ తాను అమెరికనుడనని, కదలనని వాదించును. తల్లి బెస్ వాదింపదు. అంగడిలో కొలువుచేసి, ఆ సొమ్మును మాంట్రియలు బ్యాంకులో దాచును. ఒకే భయమునకు ఇద్దరి సమాధానములు వేరు. ఎవరిది వివేకమో రచయిత తీర్పు చెప్పడు. ఈ సంయమమే నవలకు ప్రాణము.

కళ్యాణదుర్గము వంటి మెట్టసీమ విద్యార్థులకు ఈ సంశయము పరాయిది గాదు. వాన తప్పిన యేట 'ఉందుమా, పోదుమా' యను మాట యిచ్చట నింటింట వినవచ్చును. స్వామి 'వానరాలే' మొదలగు అనంతపురపు కరువు కథలను చదివినవారు బెస్ దాచిన డబ్బును తేలికగా గ్రహింతురు. అయినను సామ్యముతో నాగరాదు. కరువు ఊరంతటికి వచ్చును. ద్వేషము కొన్ని యిండ్లను వెదకికొని వచ్చును. కరువులో పొరుగువాడు కష్టమునకు పాలివాడు. ద్వేషమున నతడే కష్టమునకు కర్త కావచ్చును. ఈ భేదమును మరచి పోలికలను పేర్చుట విమర్శ గాదు.

నవలకు లోపము లేకపోలేదు. లిండ్‌బర్గు విమానముతో మాయమగుటయు, రూజ్‌వెల్టు తిరిగి గద్దె నెక్కుటయు చరిత్రను మరల పాతదారి పట్టించుటకు చేసిన తొందరగా తోచును. కాని రచయిత అక్కడ ముగింపలేదు. అల్లరులలో తల్లిని కోల్పోయిన పొరుగుబాలుడు సెల్డన్ ఫిలిప్ పడకగదికి వచ్చి చేరును. అంతకుముందు, తల్లి యింటికి రాని రాత్రి దూరపు టెలిఫోనులో నేడ్చుచున్న ఆ బాలునిచేత బెస్ ఓపికతో ఆహారము తినిపించును. దేశము కోలుకొనినను ఆ పిల్లవానికి తల్లి రాదు. ఈ ఘట్టములు కథాంతపు తొందరను క్షమింపజేయును.

హోవర్డ్ జేకబ్‌సన్ 2014లో రచించిన 'జె' రాబోవు కాలమును చిత్రించును. అందు జరిగిన హత్యాకాండను తలచుకొనుటయే యనౌచిత్యము. పౌరులందరి పేర్లును మార్చబడినవి. రాత్ ద్వేషపు రాకను చూపగా, ఈతడు దాని మరపును చూపెను. 2018లో పిట్స్‌బర్గు ప్రార్థనామందిరమున 11 మంది హతులైన పిదప ఈ రెండును కేవల కల్పనలని తోసివేయజాలము.

గుంటూరు జిల్లా చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున తెలుగే మాతృభాషగా గల యూద కుటుంబము లున్నవి. బెనె ఎఫ్రాయీమను పేర పిలువబడు ఈ దళితులను గూర్చి ఎగొరోవా, పర్వేజులు 2013లో గ్రంథము వెలయించిరి. కులముచే నొకమారు వేరుచేయబడినవారు మరియొక వేరుతనమును తామై కోరుట సామాన్య సాహసము గాదు. ఆ యిండ్ల సబ్బాతు దీపము వెలుగున తల్లిదండ్రు లేమి మాటలాడుకొందురో తెలుగు నవల వినవలసియున్నది. భయమును రాజసభలో గాక వంటయింట వెదకుమని రాత్ చూపిన దారి యందు కుపకరించునని మా విశ్వాసము.