అగ్నిపర్వత ఆకృతుల వర్గీకరణ: వైశాల్య–ఔన్నత్య కొలత పరిమితులు

అగ్నిపర్వతాలను 'డాలు', 'శంకువు' అని పోలికతో వ్యవహరించడం భూవిజ్ఞానంలో స్థిరపడిన పద్ధతి. పోలిక చూసేవారి కంటిని బట్టి మారుతుంది. కనుక ఎత్తు పెరిగేకొద్దీ సమోన్నత రేఖల లోపలి వైశాల్యం ఎలా తగ్గుతుందో కొలిచి వర్గీకరించాలన్న వాదన సమంజసంగానే కనిపిస్తుంది. క్రమక్షయం చెందిన భూభాగాల పరిశీలనకు 1952లో స్ట్రాలర్ ప్రతిపాదించిన వైశాల్య–ఔన్నత్య విశ్లేషణ దీనికి పూర్వరూపం.

ఎత్తునూ వైశాల్యాన్నీ 0, 1 మధ్యకు కుదిస్తే, శుద్ధ శంకువు విషయంలో వక్రరేఖ కింది వైశాల్యం సరిగ్గా 1/3. ఫుజి (3,776 మీటర్లు) వలె వాలు పుటాకారమైతే అంతకు తక్కువ, కుంభాకారమైతే ఎక్కువ. ఇంతవరకు పోలికకన్నా కొలతదే పైచేయి.

అయితే చిక్కంతా ఆ కుదింపులోనే ఉంది. 5 డిగ్రీల వాలు గల శంకువుకూ, 30 డిగ్రీల శంకువుకూ వక్రరేఖ ఒక్కటే! 'డాలు' అన్న మాట మొదట స్ఫురింపజేసేది ఆ వాలు తక్కువదనాన్నే గదా; కొలత దాన్నే తుడిచివేసింది. పర్వతపాదం ఎక్కడన్నది మరో ప్రశ్న. మౌనా లోవా ఎత్తు సముద్రమట్టం నుంచి 4,169 మీటర్లు, సముద్రగర్భం నుంచి 9 కిలోమీటర్ల పైమాటే. ఆ రెండు వక్రరేఖలూ ఒకటి కావు. 1980 మే 18న సెయింట్ హెలెన్స్ ఉత్తర పార్శ్వం కూలిపోయింది. వక్రరేఖ ఆ లోటును చూపగలదు గాని, దిక్కును చూపలేదు.

సగటు వాలునూ, పాదాన్ని నిర్ణయించిన ప్రమాణాన్నీ ప్రకటించకుండా, వక్రరేఖతోనే ముగించే వర్గీకరణను అంగీకరించలేము.