విషయం, బోధన – రెండు దారుల నడుమ: తెలుగు ఉపాధ్యాయుల ఉన్నతవిద్యలో ప్రత్యేకాంశాల ఎంపికపై విమర్శ

వ్యాససంగ్రహం:
పాఠశాలలో తెలుగు బోధించేవారికి ఉన్నతవిద్యలో ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. ఒకటి తెలుగు ఎం.ఏ., రెండవది ఎం.ఎడ్. మొదటిది విషయాన్ని, రెండవది బోధనను ప్రత్యేకాంశంగా స్వీకరిస్తాయి. తెలుగును బోధించడమనే పనినే కేంద్రంగా చేసుకున్న మార్గం వీటి నడుమ లోపించిందని, ఆ లోపానికి మూల్యం చెల్లిస్తున్నది పిల్లలేనని నాయుడుపేట ప్రాంత నేపథ్యంలో ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉపాధ్యాయ విద్య, ఎం.ఎడ్., తెలుగు బోధన, మాండలికం, యానాదులు, గిడుగు రామమూర్తి.

1. ఉపోద్ఘాతం:
స్వర్ణముఖి తీరాన ఉన్న నాయుడుపేట 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. ఈ పట్టణానికి ఇరువైపులా విశ్వవిద్యాలయాలున్నాయి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో, నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. తెలుగు ప్రాచీన విశిష్ట అధ్యయన కేంద్రం సైతం మైసూరు నుంచి నెల్లూరు జిల్లాకు తరలివచ్చింది. కనుక ఇక్కడి ఉపాధ్యాయులకు సంస్థలు దూరమని చెప్పలేం. వారు ఏ అంశంలో ఉన్నతవిద్య అభ్యసించాలన్నది దేనిని బట్టి నిర్ణయమవుతున్నదన్నదే అసలు ప్రశ్న.

2. అవసరం కాదు, వెసులుబాటు:
జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు ఎం.ఎడ్.ను రెండేళ్ల కోర్సుగా మార్చాయి. ఆ నిబంధనల్లో బి.ఎడ్.కు దూరవిద్యా విధానం ఉంది, ఎం.ఎడ్.కు లేదు. కాబట్టి ఉద్యోగంలో ఉన్నవారు ఎం.ఎడ్. చేయాలంటే దీర్ఘకాలం సెలవు పెట్టక తప్పదు. ఎం.ఏ. పరిస్థితి వేరు. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్యా పట్టాలు రెగ్యులర్ పట్టాలతో సమానమేనని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన పిహెచ్.డి. నిబంధనలు, పనిచేసే సంస్థ నిరభ్యంతర పత్రం ఇస్తే పార్ట్‌టైమ్ పరిశోధనకు అవకాశం కల్పించాయి. దూరవిద్యలో పిహెచ్.డి.ని మాత్రం అంగీకరించలేదు.

ఫలితంగా ఇంటి బాధ్యతలు, బడి వేళలు కాదనలేని ఉపాధ్యాయులు ఎం.ఏ. వైపే మొగ్గుతారు. స్కూల్ అసిస్టెంట్లకు జూనియర్ అధ్యాపక పదవిపై ఆశ ఉంటే, దానికీ సంబంధిత విషయంలో పి.జి.యే అర్హత. ఈ ఎంపికలో వ్యక్తుల తప్పు లేదు. అయితే తరగతిలో ఎదురయ్యే ఇబ్బందికి ఈ ఎంపికలో చోటెక్కడ?

3. రెండు పట్టాల నడుమ ఖాళీ:
ఎం.ఏ. వల్ల ఉపాధ్యాయుని విషయజ్ఞానం లోతు పెరుగుతుందనడంలో సందేహం లేదు. విషయం తెలియనివారికి బోధనా పద్ధతులు ఎన్ని వచ్చినా ప్రయోజనం స్వల్పం. కానీ ప్రబంధాలు, ఛందస్సు, విమర్శ సూత్రాలు చదివిన ఉపాధ్యాయుడు, ఆరో తరగతికి వచ్చినా వాక్యం చదవలేని విద్యార్థికి ఏం చేయాలో ఆ చదువులో నేర్చుకోడు.

ఎం.ఎడ్.లో మరో రకమైన లోటు ఉంది. 2014 ప్రణాళికలో ప్రత్యేకీకరణ ప్రధానంగా దశను బట్టి జరుగుతుంది: ప్రాథమిక విద్య, లేదా మాధ్యమిక విద్య. దానికి తోడు పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం, పాలన, సాంకేతికత, సమ్మిళిత విద్య వంటి అంశాలుంటాయి. ఈ విభజనలో గణితం చెప్పేవారూ తెలుగు చెప్పేవారూ ఒకే గాటన చేరతారు. లఘుపరిశోధనకు భాషాసమస్యను ఎంచుకోవచ్చు. కానీ దానికి కావలసిన భాషాశాస్త్ర పరిచయం ముందుగా అందదు.

2022 పిహెచ్.డి. నిబంధనలు పరిశోధకులందరికీ తమ విషయంలో బోధనా శిక్షణ అవసరమన్నాయి. విషయాన్నీ బోధననూ కలిపి చూడాలన్న ఎరుక పరిశోధన స్థాయిలో కలిగింది గాని, బడిలో పాఠం చెప్పేవారి పి.జి. స్థాయికి ఇంకా దిగిరాలేదు.

4. గిడుగు చూపిన క్రమం:
ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి (1863–1940) జీవితం గమనార్హం. ఆయన పర్లాకిమిడిలో బడి ఉపాధ్యాయునిగా జీవితం మొదలుపెట్టి, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పట్టభద్రుడయ్యారు. సవరల విద్యకోసం వారి భాష నేర్చుకొని, వాచకాలు తయారుచేసి, బడులు నడిపారు. 1931లో వెలువడిన సవర వ్యాకరణం ఆ కృషి ఫలమే. వ్యావహారిక భాషోద్యమానికి కూడా బడిలో తెలుగు బోధన గురించి పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ లేవనెత్తిన ప్రశ్న ప్రేరణ అయింది. ఇక్కడ బోధనలో ఎదురైన సమస్య ముందు, ప్రత్యేకాంశం తర్వాత. నేటి వ్యవస్థలో ప్రత్యేకాంశం ముందే నిర్ణయమై ఉంటుంది. సమస్య దానికి ఒదిగితే సరి, లేకుంటే బయటే మిగులుతుంది.

5. నాయుడుపేట తరగతి గది:
నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు ప్రాంతాల్లో యానాదులు గణనీయంగా ఉన్నారు. వారి మాతృభాష తెలుగే. తెలుగే కాబట్టి బడిలో వారికి భాషాసమస్య లేదని భావించడం సులభం. సవర పిల్లవాని భాష వేరని బడికి కనీసం తెలుస్తుంది. యానాది పిల్లవాని తెలుగుకూ పాఠ్యపుస్తకపు తెలుగుకూ మధ్య దూరం కంటికి కనబడదు. కనబడని దూరం చివరకు ఆ పిల్లవాని తెలివితక్కువతనంగా నమోదవుతుంది. తమిళనాడు సరిహద్దు ప్రభావం, ఒకవైపు ఇంగ్లీషు మరోవైపు తెలుగు ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఈ స్థితిని మరింత జటిలం చేస్తున్నాయి. ఈ సమస్యను దగ్గరగా చూస్తున్నవారు ఉపాధ్యాయులే. దానిని పరిశోధనాంశంగా మలచుకోవడానికి సాహిత్యశాఖలో బోధనా భాగం, విద్యాశాఖలో భాషా భాగం తక్కువ పడుతున్నాయి.

6. ముగింపు:
2025లో విద్యా మండలి వెలువరించిన ముసాయిదా ఎం.ఎడ్.ను ఏడాదికి కుదించి, ఉద్యోగులకు పార్ట్‌టైమ్ వీలు ప్రతిపాదించింది. దీనివల్ల కాలసమస్య కొంత తీరవచ్చు; విషయానికీ బోధనకూ మధ్య ఉన్న ఎడం తీరదు. అందుకు మూడు సూచనలు:

1. తెలుగు ఎం.ఏ.లో మాండలికాలు, పఠన–లేఖన బోధనలపై ఒక ఐచ్ఛిక పత్రం ఉండాలి.
2. ఎం.ఎడ్.లో దశతోపాటు భాషాబోధన కూడా ప్రత్యేకాంశం కావాలి.
3. ఉపాధ్యాయుల పార్ట్‌టైమ్ పరిశోధనకు తెలుగు, విద్యాశాఖలు ఉమ్మడిగా పర్యవేక్షణ వహించాలి. వారి బడినే క్షేత్రంగా అంగీకరించాలి.

ఉపాధ్యాయుని పట్టా పదోన్నతికి ఉపకరించడం న్యాయమే. అది అతని తరగతిలో వెనుక వరుసలో కూర్చున్న విద్యార్థికి కూడా ఉపకరించినప్పుడే ఆ చదువు ప్రత్యేకాధ్యయనం అనిపించుకుంటుంది.