పెద్దవారి చీరలు – పిన్నల యెంపిక

రాష్ట్రేతర తెలుగు సంఘముల సంచికలలో చీరలను గూర్చిన వ్యాసములు క్రొత్త కావు. నేతపని చరిత్ర, అంచుల అందము, అద్దకపు రంగులు మొదలగు విషయములపై పలువురు చక్కగా వ్రాసియున్నారు. ఆ వ్యాసములలో చీర యున్నది గాని చీర కట్టుకొను మనిషి అరుదుగా కనబడును. కనబడినను ఆమె పెండ్లికూతురో, పండుగనాటి పడుచో యగును. అరువదియైదేండ్లు దాటిన ఇల్లాలు అంగడికి పోయి, తన యొంటికి సరిపడు బట్టను, తన మనస్సునకు నచ్చిన రంగును తెచ్చుకొనగలుగుచున్నదా యను ప్రశ్న మాత్రము పుట్టదు. “ఈ వయసులో ఇంకా చీరల ముచ్చటేమిటి?” అను మాట మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. ఆ మాటను, దానిని నమ్మి సాగుచున్న బట్టల బేరమును మేమిచ్చట విమర్శింపదలచినాము.

క్రిందటి శ్రావణమాసమున మా మేనత్తగారి వెంట బెంగుళూరు చిక్కపేటలోని యొక దుకాణమునకు వెళ్ళితిమి. ఆమెకు 74 ఏండ్లు. పొట్టిమనిషి, ఇటీవల వెన్ను కొంత వంగినది. కొడుకు, కోడలు, మనుమరాలు కూడ నుండిరి. దుకాణపు కుఱ్ఱవాడు చీరలను మనుమరాలి వైపు పరచి చూపెను. ధరను కొడుకుతో చెప్పెను. చీర అజ్జికని తెలియగానే పరచిన వానిని మడిచివేసి, లోపలినుండి బూడిదరంగు, గంధపురంగు, నశ్యము రంగు చీరల కట్టనొకదానిని తెచ్చెను. అది ‘పెద్దవాళ్ళ రకము’ అట. కోడలు నాలుగింటిని ఏరినది. అంతవరకు మూలనున్న కుర్చీలో మౌనముగా కూర్చున్న మేనత్తగారు, “నాకేం కావాలో నన్ను తప్ప అందర్నీ అడిగారు గదరా!” అనిరి. అందరమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన తరువాత ఆ నవ్వు మాకే సిగ్గు కలిగించినది.

ఈ ‘పెద్దవాళ్ళ రకము’ ఎక్కడిది? అంగడివాని మీద మాత్రమే నేరము మోపుట న్యాయము కాదు. గిరాకి నెఱిగి వాడు సరుకు పెట్టును. పెద్దవారికి మసకరంగు తగునని వానికి నేర్పినవారము మనమే. భర్త పోయిన స్త్రీకి తెల్లబట్ట విధించిన ఆచారము నేడు చాలవరకు సడలినది. తెలుపు పోయినది గాని దాని నీడ బూడిదరంగై మిగిలినది. పైగా ఆ నీడ పసుపుకుంకుమలతో నున్న పెద్దముత్తైదువుల మీద కూడ పడినది. రంగుల పొందిక తెలిసిన వారెవరును దీనిని మెచ్చరు. నెరసిన తల, పలుచబడిన చర్మము గల ముఖము ప్రక్కన బూడిదరంగు చెంగు వేసినచో ముఖము మరింత వాడినట్లగును. మిరపపండు ఎరుపు, వంకాయరంగు, నెమలికంఠము, మెంతిరంగు వంటివి నెరసిన జుట్టునకు నిండుదనము తెచ్చును. మన ముత్తవ్వల పెట్టెలలో మిగిలిన నేతచీరలను తీసి చూచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. వారు కాటుకనలుపునకు ఎర్రని అంచును వేసికొనిరి. వయస్సు ముదిరినదని ఆ అంచును కత్తిరించుకొనలేదు.

ఇక బట్టల మంచిచెడ్డలు. కంచిపట్టును ముందుగా తీసికొందము. ఒడలిని అంచులను వేర్వేరు రంగులలో, మూడు నాడెలతో నేసి కలుపు ‘కోర్వై’ పని అందు ప్రసిద్ధము. అంచు నాడె నందించుటకు మగ్గము ప్రక్కన రెండవ మనిషి కూర్చుండుట పాత పద్ధతి. ఆ పనితనమును మేము తక్కువ చేయము. కాని వెడల్పాటి జరీ అంచు గల కంచిచీర ముప్పాతిక కిలో దాటుట వింత కాదు. ఆ బరువు ఎడమ భుజము మీదను, నడుము మీదను పడును. భుజము పట్టివేసిన పెద్దావిడ మనుమని పెండ్లిలో దానిని నాలుగు గంటలు మోసి, ఇంటికి వచ్చి నూనె రాయించుకొనుట మనమందరము చూచినదే. పెద్దవారికి పట్టు వలదని కాదు. సన్నని అంచుతో, తక్కువ జరీతో నేసిన పట్టు కావలెను. అట్టిది అంగడిలో అడిగినచో, అది చవుకరకము కాబోలునని అమ్మువాడు మనవంక చూచును! గౌరవమును తూకము వేసి కొలుచు అలవాటు వానికిని కలదు, మనకును కలదు.

ఒడిశాలోని బరంపురము పట్టు మన తెలుగు మాటాడు నేతగాండ్ర చేతిపని. గుడిగోపురముల వరుసవలె నిలుచు దాని అంచును చూచి మురిసిపోవుచు, దానిని పెద్దలకు తగినట్లు పలుచగా నేయుమని అడుగు పని మాత్రము ఆ యూరి మనవారు తమ మీద వేసికొనవలెను. షోలాపూరు సంగతి వేరు. తెలంగాణమునుండి తరలిపోయిన పద్మశాలీల పేరు ఆ యూరిలో దుప్పట్ల తోడనే వినబడుచున్నది. దుప్పటి వెచ్చదనమును మెచ్చుకొన్నవారు ఆ చేతులే చీర కూడ నేయగలవని మరచిరి. మా మెప్పు మాత్రము ఇల్కల్ చీరకు ఎక్కువ. దాని ఒడలు నూలు, చెంగు పట్టు. ఒడలి పడుగును చెంగు పడుగుతో ఉచ్చులు వేసి కలుపుటను ‘కొండి’ యందురు. నూలు కావున ఒంటిమీద జారదు, చెమటను పీల్చును, కుచ్చెళ్ళు వణకుచేతులకు కూడ లొంగును. వెంకటగిరి నూలు తేలికదనములో దానిని మించును గాని, పలుచదనము వలన కొందరు పెద్దలు సంకోచింతురు. యానామువారికి దగ్గరనున్న ఉప్పాడ జాందానీలో బుటాను చేతితో నేసి ముగించుటచే వెనుకవైపు కూడ నున్నగా నుండును. దానిని పోలిన యంత్రపు నకళ్ళలో వెనుక దారములు వ్రేలాడుచుండును. అవి గాజులకు, మెట్టెలకు తగులుకొనును. కాలికి దారము చిక్కి పడిపోవుట ఇరువదియేండ్ల పిల్లకు నవ్వులాట, డెబ్బదియేండ్ల ఆమెకు తుంటియెముక. చూపు మందగించినవారు నకలును అసలును వేరుచేయలేరు; అట్టివారి కొరకైనను పట్టునకు 2004లో వచ్చిన సిల్కుమార్కును, చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కును వెంట వచ్చిన పిన్నలు చూచిపెట్టవలెను. వెంట వచ్చినందులకు చేయదగిన పని అది; రంగు నిర్ణయించుట కాదు.

కొలతల సంగతి చెప్పవలసి యున్నది. తొమ్మిది గజముల చీర అనగా 8.2 మీటర్లు. నేడు అంగళ్ళలో నిండియున్నది ఆరుగజముల కొలత, అనగా అయిదున్నర మీటర్లు. దానికి 80 సెంటీమీటర్ల రవికముక్క చేర్చి ఆరుమీటర్ల ముప్పదిగా అమ్ముదురు. ఎనిమిది, తొమ్మిది గజములను గోచిపోసి కట్టి జీవితమంతయు గడపిన పెద్దలకు ఆరుగజముల కట్టు పరాయిది. తమిళనాటను మహారాష్ట్రమునను ఆ దేశపువారి మడిసారు, నౌవారి కట్టుల పుణ్యమున పెద్ద చీర ఇంకను దొరకుచున్నది. మనవారు ఆ యంగళ్ళకు వెళ్ళి తమిళుల చీరయనో, మరాఠీల చీరయనో సందేహింపక కొనుక్కొనవచ్చును. ముందే కుచ్చెళ్ళు కుట్టి సిద్ధపరచిన చీరలు కూడ వచ్చినవి. వీనిని చూచి నవ్వువారున్నారు. ఒకప్పుడు మేమును నవ్వితిమి. కీళ్ళవాతముతో వ్రేళ్ళు ముడుచుకొనిన ఆమె ఎవరి సహాయమును లేక అయిదు నిమిషములలో చీర కట్టుకొని గుడికి బయలుదేరుటను చూచిన తరువాత ఆ నవ్వును వెనుకకు తీసికొంటిమి. ఇంటిలో ధరించు నైటీ విషయమునను అంతే.

చీరకంటె కష్టమైనది రవిక. చీర యెవరి యొంటికైనను ఒదుగును, రవిక ఒదుగదు. మన నాయనమ్మల ‘ముడి రవిక’కు కొలతల బాధ లేదు. ముందు రెండు కొసలను ముడివేసికొనుట వలన ఒళ్ళు వచ్చినను చిక్కినను అదే రవిక సరిపోవుచుండెను. కన్నడదేశపు గుళేదగుడ్డలో నేయు ఖణముతో కుట్టిన పాత రవికలును ముందు ముడివేయు తీరువే. కొలత రవిక వచ్చి అందము పెంచినది, కాని దేహము మారునను సంగతిని మరచినది. దర్జీ చేయు పని చూడుడు: ‘ఆది జాకెట్టు తెమ్మ’నును. పదియేండ్లనాటి ఆది జాకెట్టు నిత్తుము. దానినిబట్టి క్రొత్తది కుట్టును. పదియేండ్ల నాడున్న ఒళ్ళు ఇప్పుడెక్కడిది? వెన్ను వంగినకొలది వీపు పొడవు హెచ్చును, ముందు పొడవు తగ్గును. కావున రవిక వెనుక నడుమువద్ద పైకి లేచును, ముందు ముడతలు పడును. రొమ్ము జారుటచే డాట్లు క్రిందికి దిగవలెను, దింపువారు లేరు. దండచేయి లావెక్కినచోట చేతి కుట్టు కోసుకొనును, చంక బిగియును. ఆమె చేయెత్తి దేవునిగూటిలో దీపము పెట్టలేక తన వయస్సును తిట్టుకొనును. తప్పు వయస్సుది కాదు, ఆది జాకెట్టుది.

వీపువైపు హుక్కుల ఫ్యాషనును గూర్చి ఎంత తక్కువ చెప్పిన అంత మంచిది. భుజము తిరుగనివారు వెనుక హుక్కు పెట్టుకొనుటకు ప్రతిదినము ఒకరిని పిలువవలసి యుండును. ముందు హుక్కులు, అవియును కొంచెము పెద్దవి, మోచేతివరకు చేతులు, లోపలి కుట్టులో రెండంగుళముల వదలుబట్ట: ఈ మాత్రము చెప్పుటకు దర్జీవద్ద బిడియమెందులకు? ఒక్క చిక్కు కలదు. చీరతో వచ్చు 80 సెంటీమీటర్ల ముక్క లావుపాటి ఒంటికి, మోచేతి చేతులకు చాలదు, మీటరు కావలెను. చాలని ముక్కను దర్జీ ఎట్లో లాగి సరిపెట్టును, ఆ బిగువును ధరించినామె భరించును. అటువంటప్పుడు చీర ముక్కను ప్రక్కన పెట్టి, వేరుగా మీటరు నూలుబట్టను కొనుట మేలు. రవిక చీరతో ఒకే రంగున నుండవలెనను నియమము మన పూర్వులెరుగరు.

లోపావడ బొందు చిన్న విషయమని తోచవచ్చును. 2024లో మహారాష్ట్ర, బీహారు రాష్ట్రముల వైద్యులు ఒక వైద్యపత్రికలో ఇద్దరు స్త్రీల వృత్తాంతమును ప్రకటించిరి. ఒకామెకు 70 ఏండ్లు, రెండవ ఆమె అరువది దాటినది. దశాబ్దములుగా నడుమున ఒకేచోట బొందును గాని చీరను గాని బిగించి కట్టుటచే అచ్చట ఒరిపిడి కలిగి, చర్మము పుండై, మానక, చివరకు క్యాన్సరుగా పరిణమించినది. ఇది అరుదైన సంగతియే. ఎవరిని భయపెట్టుటకును చెప్పుటలేదు. కాని నడుముచుట్టు నల్లబడిన చారికను మన పెద్దలు ‘బొందు మచ్చ’ యని తేలికగా తీసివేయుట మనకు తెలియును. వెడల్పాటి పట్టీ గల లోపావడను కుట్టించుట, బొందు కట్టు తావును అప్పుడప్పుడు మార్చుట, మానని పుండును వైద్యునికి చూపుట కష్టమైన పనులు కావు.

పెట్టుబడి చీరలను గూర్చి ఒక మాట. పెండ్లికి, సీమంతమునకు, షష్టిపూర్తికి పెద్దవారికి చీరలు పెట్టుట మర్యాద. ఊరు విడిచి వచ్చి మూడు నాలుగు తరములైనను ఈ మర్యాదను మనవారు వదలలేదు, సంతోషము. కాని పెట్టుట యున్నంతగా అడుగుట లేదు. ‘పెద్దవాళ్ళ రకము’ కట్టలు కట్టలుగా కొని, పేర్లచీటీలు అంటించి పంచుచున్నాము. పుచ్చుకొన్న ఆమె వానిని బీరువాలో పెట్టి, మరొకరి శుభకార్యమున మరొకరికి పెట్టును. ఇట్లు ఒకే బూడిదరంగు చీర ఎవరి ఒంటిని తాకక నాలుగిండ్లు తిరుగుట మేమెరుగుదుము. దానికంటె చీర వెలను కవరులో పెట్టి “మీకు నచ్చినది తీసికొనుడు పిన్నిగారూ” అనుట మర్యాదకు లోటని వాదించువారున్నారు. మా దృష్టిలో అందు లోటు లేదు. అయినను డబ్బు చేతికిచ్చిన చాలదు. ఆమెను అంగడికి తీసికొనిపోవు తోడు, కూర్చుండుటకు ఎత్తైన కుర్చీ, తొందరపెట్టని అరపూట కూడ కావలెను.

మా మేనత్తగారి కథ ముగింపవలసి యున్నది. ఆమె ఆనాడు కోడలు ఏరిన నాలుగింటిని కాదనలేదు. పెద్దరికము వలన కాదనరు గదా. కాని వారము తిరిగిన పిమ్మట మమ్ములను మాత్రము వెంటబెట్టుకొని, మరొక చిన్న దుకాణమునకు వెళ్ళి, చేతిసంచి లోపలి చిన్న జేబులోని డబ్బుతో మిరపపండు రంగు ఇల్కల్ చీరనొకదానిని తీసికొనిరి. విప్పి చూచుటకు, చెంగును భుజమున వేసికొని అద్దమునందు చూచుకొనుటకు ముప్పావుగంట పట్టినది. ఆ దుకాణదారు విసుగుకొనలేదు, మంచినీళ్ళు తెప్పించెను. రవిక కుట్టించుటకు వెళ్ళినపుడు దర్జీ ఆది జాకెట్టు అడిగెను. “అది పారేశానయ్యా, టేపు తియ్యి” అనిరామె. కొలతలు తీయుటకు అతనికి పదినిమిషములు పట్టినది. ఆ చీరను ఆమె దీపావళికి కట్టిరి. ఆ తరువాత మూడు పేరంటములకును అదే కట్టిరి. మొదటి నాలుగు చీరలు చీటీలతో సహా బీరువాలో నున్నవి.