పొర పల్చగా ఉంటేనే ముఖం పలుకుతుంది

నల్లగండ్ల హుడా లేఅవుట్‌లో పొద్దున్నే తయారై హైటెక్ సిటీ క్యాబ్ ఎక్కే అమ్మాయిలకు బాగా తెలిసిన బాధ ఇది. ఇంట్లో అద్దం ముందు ఫౌండేషన్ ముద్దుగానే ఉంటుంది. ఆఫీసు చేరేసరికి నుదురు మెరవడం మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ముక్కు పక్కన, నవ్వు గీతల్లో, గడ్డం కింద రంగు పేరుకుని పెచ్చులు కడుతుంది. దాని మీద కాస్త కాంపాక్ట్ అద్దుకుంటే, పక్క సీటు స్నేహితురాలు "ఏంటే, మొహానికి పిండి పూసుకున్నావా?" అని అడిగేస్తుంది. జిడ్డు చర్మానికీ, కొంత జిడ్డుగా కొంత పొడిగా ఉండే మిశ్రమ చర్మానికీ ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

దీనికి మందు ఖరీదైన సీసాలో లేదు, వేసే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిని తరాలుగా వృత్తిగా సాధన చేసిన కుటుంబాలు నల్లగండ్ల ఉన్న ఇదే శేరిలింగంపల్లిలో, సురభి కాలనీలో ఉన్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ' ఆడించడంతో మొదలైన నాటక పరంపర వాళ్లది. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే రోజుల్లో స్త్రీలను రంగస్థలం ఎక్కించిన ఘనత వాళ్లది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ ఇంటి బిడ్డే. సురభి నటులు ఎవరి ముఖానికి వాళ్లే రంగు వేసుకుంటారు. ఒకే రాత్రి రెండు మూడు వేషాలు మార్చాల్సి వచ్చినా, దీపాల వేడిలో చెమటలు కక్కుతూ పద్యం అందుకోవాల్సి వచ్చినా ఆ రంగు నిలవాలి. మేకప్ అసలు పరీక్ష అక్కడే జరుగుతుంది.

రంగు పూయడాన్ని మనవాళ్లు ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. నాట్యశాస్త్రం వేషాలంకరణకు సంబంధించిన ఆహార్యాభినయాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని నాలుగుగా విభజించింది. ఒంటికి రంగు వేసే విద్యే అంగరచన. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అనే నాలుగు మూల వర్ణాలు చెప్పి, వాటిని కలిపితే ఏ ఛాయ వస్తుందో కూడా వివరించింది. ఎరుపూ పసుపూ కలిస్తే గౌరవర్ణం వస్తుందన్నది ఆ లెక్కల్లో ఒకటి. ఇవాళ ఫౌండేషన్ కొనేటప్పుడు మన ఛాయలో పసుపు పాలు ఎక్కువా, ఎరుపు పాలు ఎక్కువా అని చూసుకోవడం ఆ పాత లెక్కే.

రంగస్థలం మీద చాలాకాలం జింకు పొడి, పసుపు, ఎరుపు రంగుల పొడులను నూనెలోనో నీళ్లలోనో కలిపి వాడేవారు. జర్మనీలో లుడ్విగ్ లైఖ్నర్ అనే ఒపేరా గాయకుడు కొవ్వు కలిసిన రంగు కడ్డీలను 1873లో వ్యాపారంగా మొదలుపెట్టాడు. నాటకానికి అవి సరిపోయాయి గానీ, సినిమాకు రంగులొచ్చాక ఆ జిడ్డు మెరుపు కెమెరాకు అడ్డమైంది. 1937లో మాక్స్ ఫాక్టర్ సంస్థ తడి స్పాంజితో తీసి రాసుకునే పొడి బిళ్లను తెచ్చింది. అదే పాన్‌కేక్. మద్రాసు జెమినీ స్టూడియోలో ఆ బిళ్లలు ఎంతగా ఖర్చయ్యేవో రచయిత అశోకమిత్రన్ తన జ్ఞాపకాల్లో రాశారు. తెలుగు సినిమా ముఖాలు చాలాకాలం తీర్చిదిద్దుకున్నది ఆ మద్రాసు స్టూడియోల మేకప్ గదుల్లోనే. మెరుపును అణచాలి, కానీ ముఖం మొద్దుబారకూడదు. అప్పటి మేకప్‌మ్యాన్ చిక్కు అదే, ఇప్పటి ఆఫీసు ఉద్యోగిని చిక్కూ అదే.

పెచ్చులు ఎందుకు కడతాయో తెలిస్తే సగం పని అయినట్టే. ఫౌండేషన్ అంటే నీళ్లలోనో, సిలికోన్‌లోనో, నూనెలోనో కలిపిన రంగు పొడి. టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్‌లు అందులోని ముఖ్యమైన రంగులు. పూశాక తేలికగా ఆవిరయ్యే పదార్థాలు పోయి, పల్చటి రంగు పొర చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. నుదురు, ముక్కు, గడ్డం మీద తైలగ్రంథులు దట్టంగా ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ వాటి నుంచి నూనె ఎక్కువగా ఊరుతుంది. ఆ నూనె కింది నుంచి వచ్చి పొరను విడదీస్తుంది. విడిపోయిన రంగు ముఖం కదిలినప్పుడల్లా జరిగి గీతల్లో, రంధ్రాల్లో చేరుతుంది. పొర ఎంత మందంగా ఉంటే అంత రంగు పేరుకుంటుంది. ఆ తడి జిడ్డు మీద పౌడర్ కొడితే అది నూనె పీల్చుకుని ముద్దవుతుంది.

అందుకే మొదటి పాఠం చర్మాన్ని సిద్ధం చేయడం. జిడ్డు ఉంది కదా అని మాయిశ్చరైజర్ మానేస్తే, బుగ్గల మీద ఎండి లేచిన చర్మపు పొట్టును రంగు పట్టుకుని మరీ ఎత్తి చూపిస్తుంది. ముఖం కడిగి, నూనె లేని తేలికపాటి జెల్ మాయిశ్చరైజర్ రాసి, ఆపై సన్‌స్క్రీన్ వేసి, అవి ఇంకేదాకా ఆగాలి. ఆ కొన్ని నిమిషాల ఓపిక లేకే చాలామందికి ఫౌండేషన్ ఉండలు కడుతుంది. ప్రైమర్ వాడితే నుదురు, ముక్కు, గడ్డం వరకే చాలు. ప్రైమర్, ఫౌండేషన్ ఒకే రకం ఆధారంతో చేసినవైతే ఒకదాని మీద ఒకటి కుదురుగా కూర్చుంటాయి. సిలికోన్ ప్రైమర్ మీద నీటి ఫౌండేషన్ చాలాసార్లు జారిపోతుంది.

రెండో పాఠం, రుద్దకుండా అద్దడం. స్పాంజిని నీళ్లలో ముంచి, చుక్క కారనంతగా పిండాలి. నీరు మిగిలితే రంగు విరిగిపోతుంది. ఫౌండేషన్‌ను ముందు చేతి వెనుక వేసుకుని, అక్కడి నుంచి కొద్దికొద్దిగా తీసుకోవాలి. ముఖం మధ్యలో మొదలుపెట్టి, అంచులకు పోయేకొద్దీ రంగు దానంతట అదే పల్చబడేలా అద్దుకుంటూ వెళ్లాలి. మచ్చ కనబడితే ముఖమంతా ఇంకో పొర వేయనక్కర్లేదు. ఆ మచ్చ మీదే చిటికెన వేలితో కాస్త కన్సీలర్ అద్దితే సరి. వెనక వరుస ప్రేక్షకుడికి కూడా కనిపించాలి కాబట్టి నాటకం రంగు గాఢంగా ఉంటుంది. మనల్ని చూసేవాళ్లు మూరెడు దూరంలో ఉంటారు. సురభి నుంచి మనం తీసుకోవాల్సింది ఆ గాఢత కాదు, పొర మీద అదుపు.

మూడోది పౌడర్. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫౌండేషన్ వేశాక ఒక్క నిమిషం ఆగి, కళ్ల కింద, ముక్కు పక్కన, నవ్వు గీతల్లో అప్పటికే చేరిన రంగును వేలి కొసతో సాపు చేయాలి. తర్వాత పఫ్‌కు పౌడర్ పట్టించి, దాన్ని సగానికి మడిచి రెండు ముఖాలూ ఒకదానికొకటి రాపాడించాలి. పొడి పఫ్ లోపలికి దిగి, పైన పల్చటి పూత మాత్రమే మిగులుతుంది. అప్పుడు ముక్కు పక్కన ఆనించి, నొక్కి, కొద్దిగా దొర్లించి ఎత్తాలి. ఈడ్చితే కింది రంగు లేచి వస్తుంది. మిశ్రమ చర్మమైతే బుగ్గలకు పౌడర్ జోలికే పోనక్కర్లేదు. చివర్లో చేయి చాచినంత దూరం నుంచి సెట్టింగ్ స్ప్రే కొడితే పొడి పైకి తేలకుండా పొరలో కలిసిపోతుంది.

మధ్యాహ్నం జిడ్డు తేలితే వెంటనే పౌడర్ అందుకోకండి. ముందు టిష్యూనో బ్లాటింగ్ పేపరో ఆనించి నూనె తీయాలి. చెదిరిన చోట శుభ్రమైన వేలితో సాపు చేయాలి. అప్పటికీ అవసరమనిపిస్తేనే పఫ్. ఈ వరుస ఒక్కటి మార్చుకున్నా సాయంత్రం మీటింగ్ దాకా ముఖం తేటగా ఉంటుంది.

ఇక ఛాయ సంగతి. మన చామనఛాయ మీద రెండు మెట్లు తెల్లటి ఫౌండేషన్ పూస్తే, కింది రంగు తొంగిచూస్తూ బూడిద పూతలా కనిపిస్తుంది. దాన్ని కప్పడానికి ఇంకో పొర, మెడతో కలపడానికి మరో పొర కావాలి. మందం అక్కడే మొదలవుతుంది. దవడ మీద రాసి, పగటి వెలుగులో చూసి, కాసేపయ్యాక మళ్లీ చూడండి. జిడ్డు తగిలి కొన్ని షేడ్లు ముదురుతాయి. చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోయేదే మీ షేడ్. అది దొరికితే సగం పొరతోనే పని జరుగుతుంది. తెల్లగా కనబడాలన్న ఆశను వదులుకోవడం ఆత్మగౌరవానికీ మంచిదే, మేకప్‌కూ మంచిదే.

రంగు తీయడం కూడా ఈ విద్యలో భాగమే. వేషం విప్పాక నటులు కొబ్బరినూనెతో రంగు తుడవడం పాత అలవాటు. నూనెలోని రంగు నూనెతోనే వదులుతుంది. ఆ సూత్రం సరైనదే గానీ, మొటిమలు వచ్చే చర్మానికి కొబ్బరినూనె రంధ్రాలు పూడ్చే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లు క్లెన్సింగ్ బామ్‌తో రంగు కరిగించి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడుక్కోవడం మేలు. స్పాంజిలు, పఫ్‌లు వారానికోసారైనా సబ్బుతో ఉతికి ఆరబెట్టాలి. పాత నూనె పట్టిన పఫ్ కొత్త పౌడర్‌ను కూడా ముద్ద చేస్తుంది.

ఈ విద్య విలువ అందంతోనే ఆగదు. నటుడి ముఖం మీద పూత మందమైతే కోపం, కరుణ, సిగ్గు దాని కిందే ఉండిపోతాయి. రంగస్థలం పల్చటి పొరను, అద్దే చేతిని నేర్చుకున్నది ముఖం మాట్లాడడం కోసం. ఆ చేతివాటం తెలిసినవాళ్లు సురభి కాలనీలో ఉన్నారు. పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. బ్యూటీషియన్ కోర్సులు నడిపేవాళ్లు నల్లగండ్ల, చందానగర్ చుట్టుపక్కల ఉన్నారు. ఈ ముగ్గురూ ఒకరికొకరు పరిచయమైతే చాలు. మేకప్ నేర్పే ప్రతి కోర్సులోనూ ఒక సురభి నటినో నటుడినో గురువుగా పిలిచి, గౌరవంగా పారితోషికం ఇచ్చి, ఒక్క పూటైనా పాఠం చెప్పించాలి. నేర్చుకునేవాళ్లకు చేయి కుదురుతుంది, తరాల అనుభవానికి తగిన మర్యాదా దక్కుతుంది.